కింది గొట్టం మీద గీత

పాత పంచె చింపిన మెత్తటి గుడ్డతో నూకరత్నం సైకిలు తుడుస్తోంది. హ్యాండిలు దగ్గర మొదలుపెట్టి వెనక్కి తుడవాలి. వెనక నుంచి ముందుకు తుడవకూడదని నియమం. ఈరోజు తుడిచిన గుడ్డతో రేపు తుడవకూడదని ఇంకో నియమం. ఇంట్లో పంచెలు అయిపోయాయి. రేపటి నుంచి లుంగీల వంతు.

సైకిలంటే పూర్తి సైకిలు కాదు, దానికి చక్రాలు లేవు. హాల్లో సోఫా ఉండాల్సిన చోట నీలం మఖమలు గుడ్డ పరిచి, దాని మీద వడ్రంగులు వాడే రెండు చెక్క గుర్రాలు వేసి, వాటి మీద దాన్ని నిలబెట్టారు. సోఫా వసారాలోకి పోయింది. టీవీ వెలుతురు సైకిలు టైటానియానికి మంచిది కాదని ఎవరో అనడంతో టీవీ వంటింట్లోకి పోయింది. పొయ్యి ఉన్నచోటే ఉంది కానీ, నూనె ఆవిరి సైకిలుకు తగులుతుందని నూకరత్నం దాని మీద చేపలు వేయించడం మానేసింది. మల్కాపురంలో, సముద్రానికి కూతవేటు దూరంలో, చేప వేగని ఇల్లు ఆ వీధి మొత్తానికి అదొక్కటే.

కింది గొట్టం దగ్గరికి వచ్చేసరికి గుడ్డ ఎక్కడో చిన్నగా పట్టుకుంది. అక్కడ చిటికెనవేలి గోరంత గీత ఉంది. నూకరత్నం రోజూ ఆ గీత దగ్గర కాసేపు ఆగుతుంది. ఆగకూడదని నియమం ఇంకా ఎవరూ రాయలేదు.

కింది వాటా అప్పయ్యమ్మ మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏటే రత్నం, ఇంకా తానం అవనేదా దానికి?"

"అయిపోవచ్చింది పిన్నీ."

"సంటిపిల్లలక్కూడా ఇంత సాకిరీ సెయ్యరే. మీ ఆయన మరింక తొక్కడా దీన్ని?"

"తొక్కకూడదట పిన్నీ."

"తొక్కనప్పుడు సైకిలెందుకే?"

"పోల్చడానికట."

"దేంతోటి?"

"తొక్కని ఇంకో సైకిలుతోటి."

అప్పయ్యమ్మ కాసేపు ఆలోచించింది. ఆలోచన ఎటూ తెగక, అప్పు తీసుకున్న కరివేపాకు రెబ్బలు తిరిగిచ్చి దిగి వెళ్ళిపోయింది.

ఈ పోలికలు మొదలై ఏడాది కాలేదు. అంతకు ముందు అది ఉత్త సైకిలు. నూకరత్నం మేనమామ కొడుకూ మొగుడూ అయిన సన్యాసిరావు ఓడల మరమ్మతు షెడ్డులో స్టోరుకీపరు. పెళ్ళికి ముందెప్పుడో రేవులో ఆగిన ఓడలోంచి ఒక విదేశీ ఇంజనీరు దిగాడు. వేరే ఓడకు మారిపోతూ తన పాత కొండ సైకిలును సన్యాసిరావు చేతిలో పెట్టి, తొక్కుకోమని కాళ్ళు ఆడించి చూపించి వెళ్ళిపోయాడు. ఆ ఉప్పుగాలికి వీధిలో కిటికీ ఊచలు తుప్పు పట్టాయి, గేటు తుప్పు పట్టింది, అప్పయ్యమ్మ బీరువా తుప్పు పట్టి తలుపు మూతపడకుండా పోయింది. సైకిలు మాత్రం అలాగే ఉంది. అలా ఎందుకుందో సన్యాసిరావు ఎప్పుడూ ఆలోచించలేదు. రోజూ షెడ్డుకు తొక్కాడు, చేపల రేవుకు తొక్కాడు. ఆదివారాలు పెళ్ళాన్ని ముందు గొట్టం మీద కూర్చోబెట్టుకుని యారాడ కొండ మీదికి తొక్కాడు. ఎక్కేటప్పుడు సగం దూరం ఇద్దరూ దిగి నెట్టేవాళ్ళు. దిగేటప్పుడు సన్యాసిరావు పాటలు పాడేవాడు. అవన్నీ తప్పు పాడేవాడు.

కాపురానికి వచ్చిన మొదటి సంవత్సరం అలాగే దిగుతుంటే మలుపులో మేకల మంద అడ్డొచ్చింది. సైకిలు రాతికి తగిలి, ఇద్దరూ పొదలో పడ్డారు. క్యారేజీలోని పులిహోర రోడ్డు మీద పడితే మేకలు వచ్చి తినేశాయి. పెద్దమేక పోపులో మిరపకాయ నమిలి తుమ్మింది. అది చూసి నూకరత్నం నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది. అత్తారింట్లో గట్టిగా నవ్వకూడదని అమ్మ చెప్పి పంపిన పిల్ల ఆ పొదలో కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. మోచెయ్యి చెక్కుకుపోయిన సన్యాసిరావు ఆమెను చూసి నవ్వాడు. అప్పుడు పడిందే కింది గొట్టం మీద గీత.

పోయినేడు ఒకరోజు సన్యాసిరావు టీకొట్టు గోడకు సైకిలు ఆనించి టీ తాగుతున్నాడు. హ్యాండిలుకు తాటాకు బుట్టలో కోనాం చేప వేలాడుతోంది. కారులో పోతున్న యువకుడొకడు బ్రేకు వేసి, దిగి, బూట్లు విప్పి, సైకిలు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కొట్టువాడు ఎవరికో ఫిట్స్ వచ్చిందనుకుని తాళంచెవులు వెతికాడు.

"అయ్యా, ఈ చట్రము తమరిదేనా?" అన్నాడు యువకుడు.

"సైకిలు నాదే బాబూ. సేప కూడా నాదే," అన్నాడు సన్యాసిరావు.

అతని పేరు ఫణిచంద్ర. పగలు కంప్యూటర్ల కంపెనీలో ఉద్యోగం. మిగతా సమయమంతా పురాతన టైటానియం పర్వత సైకిలు చట్రముల తులనాత్మక పరిషత్తుకు కార్యదర్శి. ఇంట్లో అమ్మతో మామూలుగానే మాట్లాడేవాడట. పరిషత్తు విషయం వచ్చేసరికి నోట్లోంచి నోటీసు బోర్డు వచ్చేది.

మొదటి సమావేశానికి సన్యాసిరావు నూకరత్నాన్ని కూడా తీసుకెళ్ళాడు. ద్వారకానగర్‌లో ఒక ట్యుటోరియల్ కాలేజీ పై అంతస్తు. బల్ల మీద రెండేసి చట్రాలను పక్కపక్కన పెడతారు. సభ్యులు చుట్టూ తిరిగి చూస్తారు, గోటితో మీటుతారు, కళ్ళు మూసుకుంటారు.

"ఇది రష్యా ధ్వని. జలాంతర్గాములకు వాడిన లోహము. ఆ గాంభీర్యము గమనించగలరు," అన్నారు అధ్యక్షులు దక్షిణామూర్తి గారు. ఆయన ఒక పెద్ద కార్యాలయంలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన బల్ల మీదికి వచ్చిన ఫైలు మళ్ళీ కదిలేది కాదని అక్కడ పేరు.

"అది అమెరికా ధ్వని. విమానపు తేలికదనం ఉంది," అన్నాడు డాక్టర్ నళినీకాంత్. ఆయన పంటి డాక్టరు. పళ్ళు చూసే చిన్న అద్దాన్ని గొట్టంలోకి దూర్చి లోపలి అతుకులు చూస్తాడు. చూస్తూ అలవాటు కొద్దీ "ఇంకొంచెం తెరవండి" అంటాడు.

నూకరత్నానికి రెండు ధ్వనులూ గిన్నెలు తోమేటప్పుడు వినిపించేవే.

సన్యాసిరావు సైకిలు బల్ల మీదికి రాగానే సభ్యులందరూ ముందుకు వంగారు. దాని అతుకులు చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి తీరుగా పడుకుని ఉన్నాయి. ఇలాంటి అతుకు ఈ రాష్ట్రంలో ఇంకెక్కడా లేదని డాక్టరు అద్దం జేబులో పెట్టేసుకుని ఒప్పుకున్నాడు. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. షెడ్డులో అన్నేళ్ళ ఉద్యోగంలో సన్యాసిరావును అందరూ నట్లు అడిగారు, బోల్టులు అడిగారు, నూనె డబ్బాలు అడిగారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అతను ఎటు చూడాలో తెలియక పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు. ఆ ముఖం చూశాక నూకరత్నం ఏమీ అనలేకపోయింది. అప్పుడే అని ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకుంది.

మొదట వర్షంలో తొక్కవద్దన్నారు. టైటానియం తుప్పు పట్టదు కదా అని ఎవరో అడిగితే, తుప్పు పట్టని లోహాన్ని తుప్పు పట్టే పరిస్థితిలో ఉంచడం దాని గౌరవానికి భంగమని అధ్యక్షులు చెప్పారు. తర్వాత ఎండలో వద్దన్నారు. ఎండా వానా కాని రోజు కోసం సన్యాసిరావు చాలా రోజులు ఎదురుచూశాడు. తీరా మబ్బు పట్టిన ఒక చక్కని ఉదయం ఇంకో తీర్మానం వచ్చింది.

"తొక్కుట వలన చట్రమునకు లోహశ్రమ కలుగుచున్నది," అని ఫణిచంద్ర గుమ్మంలో నిలబడి చదివాడు. "శ్రమించిన చట్రమును శ్రమించని చట్రముతో పోల్చుట అన్యాయము. గావున ఇకపై సభ్యులెవరును తొక్కరాదు. మరియు చక్రములున్న చోట చలనవాంఛ యుండును. గావున చక్రములను తక్షణమే తొలగించి, గోడకు అవతల ఉంచవలెను. సీటు, హ్యాండిలు, పెడళ్ళు తదితర అవయవముల తొలగింపు తదుపరి పరిశీలనలో నున్నది."

"మరి షెడ్డుకి ఎలాగెళ్ళడం బాబూ?" అన్నాడు సన్యాసిరావు.

"ఆటోలో వెళ్ళుటకు పరిషత్తుకు అభ్యంతరము లేదు," అన్నాడు ఫణిచంద్ర ఉదారంగా.

చక్రాలు గోడకు అవతల, బాల్కనీలోకి పోయాయి. నూకరత్నం వాటిని పారేయలేదు. వెనక చక్రానికి గొలుసు తిరిగే పళ్ళ బిళ్ళ దగ్గర తాడు కట్టి కొక్కేనికి వేలాడదీసి, ఊచల మీద సాక్సులు, జేబురుమాళ్ళు ఆరేసింది. ముందు చక్రం మీద తువ్వాళ్ళు. సముద్రం గాలి తోలినప్పుడు వెనక చక్రం టికటికమంటూ దానంతట అది తిరిగేది. ఆ చప్పుడు వినిపించినప్పుడల్లా సన్యాసిరావు అన్నం కలపడం ఆపి, మళ్ళీ కలిపేవాడు.

ఆదివారం పొద్దున్నే ఆమె వాటికి పంపుతో గాలి కొట్టేది.

"గాలెందుకే వాటికి?"

"గాలి లేకపోతే తువ్వాళ్ళు జారిపోతున్నాయి బావా."

తర్వాత చేతి తొడుగులు వచ్చాయి. సమావేశంలో ఒక సభ్యుడు మిరపకాయ బజ్జీ తిన్న చేత్తో ఒక రష్యా చట్రాన్ని పట్టుకున్నాడు. పరిషత్తు మూడు పూటలు మాట్లాడుకుంది. ఇకపై అధికారులెవరూ ఒట్టి చేతులతో ఏ చట్రాన్నీ ముట్టుకోకూడదు. తెల్ల తొడుగులు సీలు వేసిన పొట్లంలో ఉంటాయి. అధ్యక్షుడూ కార్యదర్శీ ఇద్దరూ సంతకం పెట్టాకే పొట్లం విప్పాలి. బజ్జీ తిన్న సభ్యుడి సభ్యత్వం తీసేశారు. ఆయన ఇప్పుడు హాయిగా సైకిలు తొక్కుతున్నాడని తెలిసి, ఎంత పతనమైపోయాడో అని అందరూ బాధపడ్డారు.

అయినా ఒక చిక్కు మిగిలిపోయింది. చక్రాలు తీసేసినా, తొక్కడం వచ్చిన మనిషి ఇంట్లో ఉన్నంతకాలం చట్రానికి ప్రమాదమే. ఈ సంగతి కనిపెట్టింది దక్షిణామూర్తి గారు. ఆయన జన్మలో ఒక్కసారి కూడా సైకిలెక్కలేదు. "నా వద్ద చట్రమునకు నూరు శాతము భద్రత గలదు. ఈ స్థాయికి సభ్యులందరును చేరవలెను," అన్నారు.

అలా మరపు తరగతులు మొదలయ్యాయి. సైకిలు నేర్చినవాడు మరిచిపోడనేది పామరుల అపోహ అని పరిషత్తు ఖండించింది. స్టేడియం పక్క ఖాళీ స్థలంలో అద్దె సైకిళ్ళు పెట్టారు. సభ్యులు ఒక్కొక్కరే ఎక్కాలి. పడిపోయినవాళ్ళు పాస్. పడనివాళ్ళు మళ్ళీ వచ్చే వారం రావాలి. డాక్టర్ నళినీకాంత్ ఎక్కకముందే పడ్డాడు. ఆయనకు ప్రత్యేక ప్రశంస ఇచ్చారు.

సన్యాసిరావు తప్పాడు. మళ్ళీ వారం మళ్ళీ తప్పాడు.

"కాళ్ళు మాట వినడం నేదు రత్నం," అన్నాడు ఇంటికొచ్చి తల పట్టుకుని. "పడదామనే అనుకుంటన్నాను. ఆ బండెక్కేసరికి అవే తొక్కీసుకుంటన్నాయి. అధ్యక్షులవారు నాకేసి ఎంత జాలిగా సూసినారో!"

"పోనీలే బావా. అందరికీ అన్నీ చేతకావు."

ఆ తర్వాతి వారం మోకాలి చిప్ప మీద చర్మం లేచిపోయి, పంట్లాం చిరిగి, ముఖం వెలిగిపోతూ వచ్చాడు. "ఫస్టు క్లాసు! పూర్తిగా మర్సిపోయినానని రాసిచ్చినారు!"

నూకరత్నం పసుపు తెచ్చి మోకాలికి అద్దింది. దెబ్బ చూస్తే తెలుస్తోంది, కావాలని పడ్డవాడి దెబ్బ అది. ఒక్కచోటే, జాగ్రత్తగా తగిలింది. యారాడ కొండ మీద పడ్డప్పుడు ఒళ్ళంతా గీరుకుపోయింది. అప్పుడు పసుపు రాస్తుంటే నవ్వాడు. ఇప్పుడు, "అటు వైపు గుడ్డ వాడీకు. అది చట్రానికి సంబంధించిన వస్త్రము," అన్నాడు.

ఈమధ్య ఇంట్లో అలాగే మాట్లాడుతున్నాడు. మొన్న "భోజన కార్యక్రమము ఎప్పుడు?" అని అడిగాడు. "భోజనం సిద్ధముగా నున్నది. తినువారు తక్షణమే కాళ్ళు కడుగవలెను," అంది నూకరత్నం. అతను నవ్వలేదు, కాళ్ళు కడుక్కున్నాడు.

వానాకాలం వెళ్ళాక ఒక సభ్యుడు లేచి, పర్వత సైకిలు అనే పేరుకు పర్వతంతో ఏదో ఒక సంబంధం ఉండాలి కదా అని సందేహం వెలిబుచ్చాడు. సభ ఉలిక్కిపడింది. చట్రాన్ని కొండ దగ్గరికి తీసుకెళ్ళడం ప్రమాదకరం. కనుక కొండనే చట్రం దగ్గరికి తేవాలని నిర్ణయించారు. యారాడ కొండ నుంచి ఆటోలో ఒక బండరాయి వచ్చింది. దాన్ని పళ్ళెంలో పెట్టి ఒక్కో చట్రం ముందు కాసేపు ఉంచి పర్వత దర్శనం చేయించారు. యారాడది పర్వతమా, కేవలం కొండయా అన్నదాని మీద ఉపసంఘం ఇంకా కూర్చునే ఉంది. ఆ రాయిని భద్రపరిచే గౌరవం సన్యాసిరావుకు దక్కింది.

"అల్లం దంచుకోడానికి బాగున్నాదే. ఓసారి ఇస్తావేటి?" అంది అప్పయ్యమ్మ.

"అది పర్వతం పిన్నీ," అంది నూకరత్నం.

సంవత్సరం చివర తుది పోలిక. వడపోతలన్నీ అయ్యాక రెండే చట్రాలు మిగిలాయి, డాక్టరుదీ సన్యాసిరావుదీ. పరిశీలనకు అధికారులు ఇంటికే వచ్చారు. పొట్లం మీద సంతకాలయ్యాయి, తొడుగులు వేసుకున్నారు, డాక్టరు అద్దం తీశాడు. తన చట్రానికి పోటీ అయిన చట్రాన్ని తానే చూడటం బాగుండదని ఎవరికీ తోచలేదు. అద్దం ఉన్నది ఆయన ఒక్కడి దగ్గరే మరి.

"కింది గొట్టం మీద గీత ఉంది," అన్నాడు డాక్టరు, పంటికి పుచ్చు పట్టిందని చెప్పే గొంతుతో.

దక్షిణామూర్తి గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "సదరు గీత ఎవరిచేత, ఎక్కడ పడినది? విదేశీయుని చేత విదేశీ పర్వతముపై పడినచో అది చరిత్ర. అప్పుడు చట్రము విలువ పెరుగును. ఇక్కడివాని చేత ఇక్కడ పడినచో అది డామేజీ. అప్పుడు చట్రము పోటీ నుండి తొలగును. సన్యాసిరావు గారూ, చెప్పగలరు."

సన్యాసిరావు గోడకేసి చూశాడు. అక్కడ క్యాలెండరుంది. ఎంతసేపు చూసినా క్యాలెండరు ఏమీ చెప్పలేదు.

వంటింటి గుమ్మంలో నూకరత్నం కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడింది. ఒక్క మాట అంటాడు, అంతే అనుకుంది. మేకలు అంటే చాలు. పులిహోర అన్నా చాలు.

"ఆ ఇంజనీరు గారే," అన్నాడు సన్యాసిరావు. "ఆళ్ళ దేశంలో. మంచు కొండ మీద."

"సాక్షి?" అన్నారు అధ్యక్షులు.

ఫణిచంద్ర వంటింటి వైపు తిరిగాడు. "అమ్మా, ఈ విషయమున తమరేమందురు?"

నూకరత్నం గ్లాసులు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది. "ఆ మంచు కొండ మీద నేను లేనండీ," అంది.

"సాక్షి సంఘటనా స్థలమున లేదు. గావున నిష్పాక్షికము," అని ఫణిచంద్ర నమోదు చేసుకున్నాడు.

మర్నాడు సైకిలు తుడుస్తున్నప్పుడు గుడ్డ గీత దగ్గర పట్టుకుంది. నూకరత్నం ఆగలేదు. పక్క గొట్టానికి వెళ్ళిపోయింది. చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ సన్యాసిరావు చూశాడు.

"రత్నం. అదేదో మాట వరసకన్నాను."

"మంచు కొండలు బాగుంటాయట కదా బావా. మేకలుండవట."

అతను చెప్పులేసుకుని ఆటో కోసం వెళ్ళిపోయాడు. ఆ వారమంతా గీత దగ్గర గుడ్డ ఆగలేదు. ఆ వారమంతా అతను రోజూ చూశాడు.

ఆదివారం ఉదయం అధికారులు మళ్ళీ వచ్చారు. ఈసారి వెంట పెద్ద గాజుపెట్టె వచ్చింది. మెట్ల మలుపులో అది ఇరుక్కుంటే, అప్పయ్యమ్మ కింద నుంచి "శవప్పెట్టా ఏటి బాబూ?" అని అడిగింది. పెట్టె హాల్లోకి వచ్చాక ఇక మనుషులకు చోటు మిగల్లేదు. దక్షిణామూర్తి గారు కుర్చీలోనూ, డాక్టరు బియ్యం డబ్బా మీదా, ఫణిచంద్ర పర్వతం మీదా కూర్చున్నారు. ఓడిపోయిన డాక్టరు ఎంతో హుందాగా ఉన్నాడు, కాకపోతే తన చట్రం లోపలి అతుకులే నునుపని ప్రతి పది నిమిషాలకూ గుర్తు చేస్తున్నాడు.

దక్షిణామూర్తి గారు లేచి గొంతు సవరించుకున్నారు.

"ఈ చట్రము సర్వోత్తమ చట్రముగా ప్రకటింపబడినది. ఇందుకు గౌరవసూచకముగా దీని మిగిలిన అవయవములు నేడే తొలగింపబడును. అనంతరము ఇది గాలి చొరని పెట్టెలో పరిషత్తు భవనమున శాశ్వత విశ్రాంతి పొందును. యజమాని ఏటా ఒకసారి హద్దు గీత అవతల నిలబడి దర్శించుకొనవచ్చును." సభ్యులు ఇద్దరూ చప్పట్లు కొట్టారు. సన్యాసిరావు ఫ్యాను వైపు చూశాడు. చప్పట్లు ఈసారి పైదాకా రాలేదేమో, అతని ముఖం వెలగలేదు.

"ఇక చట్ర చరిత్ర," అని అధ్యక్షులు కాగితం విప్పారు. "ఈ గీత వెనుక ఒక గాథ గలదు. ఒక అజ్ఞాత విదేశీ వీరుడు, మంచు కప్పిన మహాపర్వత శిఖరమున, మానవమాత్రుడు లేని చోట, ఒంటరిగా ఈ చట్రముపై దిగుచు..."

నూకరత్నం కాఫీ ట్రేతో గుమ్మం దగ్గర ఆగిపోయింది. సన్యాసిరావు ఆమె వైపు చూశాడు. ఆమె అతని వైపు చూడలేదు, కాఫీ తొణకకుండా ట్రే వైపు చూస్తోంది.

"ఒంటరిగా," అని దక్షిణామూర్తి గారు ఆ మాటను ఇంకోసారి భావయుక్తంగా చదివారు.

బాల్కనీలో గాలి తోలింది. సాక్సులతో సహా వెనక చక్రం టికటికమంటూ తిరిగింది.

సన్యాసిరావు లేచాడు. చట్రాన్ని సాగనంపే మర్యాదకు లేచాడనుకుని ఫణిచంద్ర కూడా లేచాడు. సన్యాసిరావు బాల్కనీలోకి వెళ్ళి, సాక్సులు దులిపేసి, తువ్వాళ్ళు కింద పడేసి, రెండు చక్రాలూ రెండు చేతుల్లో పట్టుకుని వచ్చాడు. సైకిలును గుర్రాల మీంచి దించి, మఖమలు మీద తలకిందులుగా నిలబెట్టాడు.

"ఏమిటిది?" అన్నారు దక్షిణామూర్తి గారు. "ఇది ఏ నిబంధన ప్రకారము?"

"చక్రములు చట్రమునకు గోడ అవతల ఉండవలెనని స్పష్టముగా..." అన్నాడు ఫణిచంద్ర.

ముందు చక్రం దాని చోట బిగిసింది.

"పట్టుకోండి! ఆపండి!" అంటూ డాక్టరు బియ్యం డబ్బా మీంచి దూకి చెయ్యి చాచాడు.

"డాక్టరు గారూ!" దక్షిణామూర్తి గారు కేక పెట్టారు. "ఒట్టి చేతులతోనా?"

డాక్టరు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆ వేళ్ళకు పొద్దున తిన్న ఉప్మా ఉంది కూడాను.

"తొడుగులు!"

ఫణిచంద్ర పొట్లం తీశాడు. "సంతకం చేయగలరు."

"ముందు కార్యదర్శి చేయవలెను. పిదప అధ్యక్షుడు."

"పోయినసారి అధ్యక్షులవారు ముందు చేసితిరి."

"అది పొరపాటు. దానిని ఆనవాయితీ చేయరాదు."

సన్యాసిరావు గొలుసును పళ్ళ మీదికి ఎక్కించి, వెనక చక్రం బిగించి, పెడలు ఒకసారి తిప్పి చూశాడు. చక్రం గిర్రున తిరిగింది. టైరు నొక్కాడు. రాయిలా గట్టిగా ఉంది. అప్పుడు ఒక్క క్షణం తలెత్తి పెళ్ళాం వైపు చూశాడు. ఆమె ఈసారి చూపు తిప్పుకోలేదు.

పెన్ను రాయడం లేదు. దక్షిణామూర్తి గారు పెన్ను విదిలిస్తున్నారు. సన్యాసిరావు సైకిలును భుజాన వేసుకుని, గాజుపెట్టె పక్కనుంచి ఒరుసుకుంటూ మెట్లు దిగాడు. ఎవరూ ముట్టుకోలేదు. నియమాన్ని ఎవరూ తప్పలేదు.

"ఓలమ్మో! సక్రాలొచ్చీసినాయే దీనికి!" కింద అప్పయ్యమ్మ గొంతు వీధంతా వినిపించింది.

నూకరత్నం బాల్కనీలోంచి తొంగి చూసింది. గేటు బయట సన్యాసిరావు సైకిలు మీద కూర్చుని ఉన్నాడు. ఒక కాలు పెడలు మీద, ఒక కాలు నేల మీద. పైకి చూడటం లేదు, పిలవడం లేదు. రోడ్డుకేసి చూస్తున్నాడు. సీటుకూ హ్యాండిలుకూ మధ్య గొట్టం మీద భుజాన వేసుకునే తుండుగుడ్డ నాలుగు మడతలు పెట్టి పరిచి ఉంది, కూర్చునేవాళ్ళకు ఒత్తుకోకుండా.

"అమ్మా," అన్నారు దక్షిణామూర్తి గారు ఇంకా పెన్ను విదిలిస్తూ. "వారికి తొక్కుట రాదని మేమే ధ్రువీకరించి యుంటిమి. ఇపుడు వారు తొక్కినచో పరిషత్తు మాట ఏమగును? మీరైనను కిందికి వెళ్ళి, పడిపొమ్మని వారికి చెప్పగలరా?"

ఫణిచంద్ర చేతిలో పొట్లం అలాగే ఉంది. డాక్టరు ఇంకా చెయ్యి చాచే ఉన్నాడు.

నూకరత్నం కాఫీ ట్రేను నీలం మఖమలు మీద పెట్టింది. కొంగు బొడ్లో దోపింది. చెప్పుల్లో కాళ్ళు దూర్చి, ముగ్గురిలో ఎవరికీ ఏమీ చెప్పకుండా, మెట్లు దిగి వెళ్ళిపోయింది.